చూసి చెప్పడం

"మావయ్యా, శనివారం ఖాళీయేనా? ఒక వస్తువు చూశాను. కొనొచ్చో లేదో నువ్వొచ్చి చూసి చెప్పాలి" అని 2024 ఏప్రిల్లో మా మేనల్లుడు ఫోను చేశాడు.

ఇలాంటి పిలుపులు నాకు కొత్త కాదు. ఒహాయోలో ఒక మెషీన్ షాపులో ఇరవై ఏడేళ్ళు క్వాలిటీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చుట్టుపక్కల మనవాళ్ళు ఎవరు పాత కారు కొంటున్నా, పాత ఇల్లు కొంటున్నా, పెళ్ళిచూపులకి పెద్దమనిషిని వెంటబెట్టుకెళ్ళినట్టు నన్ను తీసుకెళతారు. నేను కారు కింద దూరి, బేస్‌మెంటు గోడలు తడిమి, కాసేపు తల పంకించి ఒక మాట చెబుతాను. వాళ్ళు భోజనం పెడతారు. నాకూ పొద్దుపోతుంది.

"ఏం వస్తువురా?" అన్నాను.

"రైఫిల్. తాతయ్య దగ్గరుండేదే. త్రీ నాట్ త్రీ."

వాడి తాతయ్యంటే మా నాన్న. ఆర్ముడ్ రిజర్వులో కానిస్టేబులు. మా అక్కయ్య ఇంట్లో గోడ మీద ఆయన ఫోటో ఒకటి ఉంది. పంద్రాగస్టు పెరేడ్ నాటిది, భుజాన త్రీ నాట్ త్రీ. చిన్నప్పట్నుంచీ ఆ ఫోటో చూస్తూ పెరిగినవాడికి అలాంటిదే ఒకటి కావాలనిపించడంలో వింతేముంది? నాకూ వింత అనిపించలేదు.

అంతకుముందు కావాలనుకున్నా వాడికి వీలయ్యేది కాదు. హెచ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు, హంటింగ్ లైసెన్సు లాంటి ఒకటి రెండు మినహాయింపులు తప్పితే, ఈ దేశంలో తుపాకీ కొనడానికి ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గ్రీన్ కార్డు చేతికొస్తే ఒప్పుకుంటుంది. ఏళ్ళ తరబడి ఎదురుచూసి కార్డు సంపాదించాక దానితో వచ్చే హక్కులన్నీ ఒకసారి ముట్టుకుని చూడాలనిపించడం సహజం. కొందరు సొంతంగా వ్యాపారం పెడతారు. వీడు తుపాకీ అన్నాడు.

మన భాషలో 'కొనొచ్చా' అన్న మాట చిత్రమైంది. ఒక్క మాటలో రెండు ప్రశ్నలు. ఆ వస్తువు కొనదగ్గదేనా అన్నది ఒకటి, నేను దాన్ని కొనడం తగునా అన్నది మరొకటి. పాత కార్ల దగ్గర రెండో ప్రశ్న ఎవరికీ తట్టదు. అందుకని ఇన్నేళ్ళూ నేను మొదటిదానికే జవాబు చెబుతూ, రెండోది నా పని కాదనుకుంటూ వచ్చాను.

శనివారం పొద్దున్న వాడే వచ్చి కారులో తీసుకెళ్ళాడు. గంటంపావు ప్రయాణం. దారిలో ఏవో కబుర్లు చెప్పాడు. మార్చిలో ఉద్యోగం పోయింది, అది నాకు తెలుసు. పెళ్ళామూ పిల్లా జనవరి నుంచీ విజయవాడలోనే ఉన్నారు, అదీ తెలుసు. రాత్రిళ్ళు టీవీ ఆపకుండా పడుకుంటున్నానన్నాడు. ఇంట్లో చప్పుడు లేకపోతే ఏదోలా ఉంటోందన్నాడు. నేను "ఊఁ" అంటూ కిటికీలోంచి దున్నిన మొక్కజొన్న పొలాలు చూస్తున్నాను. విన్నాను. వినడం వేరు, చెవిన పడటం వేరు అని మా అమ్మ అంటుండేది.

గన్ షో అంటే నేనేదో ఊహించుకున్నాను గానీ, అది కౌంటీ సంత జరిగే పెద్ద రేకుల షెడ్డు. ఎండాకాలంలో అక్కడ ఆవులకీ గుమ్మడికాయలకీ బహుమతులిస్తారు. ఇప్పుడు అవే బల్లల మీద తుపాకులు పడుకోబెట్టారు. ప్రతిదాని బోల్టుకీ ప్లాస్టిక్ కట్టు బిగించి ఉంది. తుపాకీ నూనె వాసనా, పాప్‌కార్న్ వాసనా కలిసిపోయి ఉంది. వరసల మధ్య పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తండ్రులు తిరుగుతున్నారు.

వాడు చూసిపెట్టుకున్న బల్ల వెనకాల డెబ్బై దాటిన ముసలాయన. లైసెన్సున్న డీలరు. మర్యాదస్తుడు. 1990లలో ఇవి చెక్కపెట్టెల్లో గ్రీజు దట్టించి వచ్చేవనీ, వంద డాలర్లకి అటూ ఇటూగా అమ్మాననీ చెప్పాడు. ఇప్పుడు చీటీ మీద ఐదు వందల డెబ్బై అయిదు అని ఉంది. మేమిద్దరం ఇండియావాళ్ళమని తెలిశాక, "అయితే ఇది మీ ఊరిదే" అని నవ్వి ప్లాస్టిక్ కట్టు కత్తిరించాడు.

మా ఊరిదే. కుడివైపున, బట్టు మొదలయ్యే చోట ఇనుప పట్టీ మీద కిరీటం బొమ్మ, దాని కింద జి.ఆర్.ఐ. అన్న మూడక్షరాలు, ఇషాపూర్ పేరు, 1943. ఆ మూడక్షరాలు లాటిన్లో రాజూ చక్రవర్తీ అయిన జార్జి అన్నదానికి పొట్టి రూపం. ఇషాపూర్ అంటే కలకత్తాకి దగ్గర్లో, హుగ్లీ ఒడ్డున ఉన్న రైఫిల్ ఫ్యాక్టరీ. స్వాతంత్ర్యం తర్వాత అక్కడ కిరీటం బదులు అశోకుడి సింహాలు కొట్టారు. 1962 చైనా యుద్ధం తర్వాత ఇదే నమూనాని కొత్త తూటాకి మార్చి, 2ఎ అనీ 2ఎ1 అనీ చేశారు. ఇది దానికంటే ముందుది, పాత త్రీ నాట్ త్రీయే.

ఇక నా పని మొదలుపెట్టాను. ఇలాంటి పాత మిలటరీ రైఫిల్ చూసేటప్పుడు పైమెరుగు చూసి మోసపోకూడదు. కర్రకి వార్నిషు ఎవడైనా పూస్తాడు. ముందు నంబర్లు చూడాలి. రిసీవరు మీదున్న నంబరే బారెల్ మీదా, బోల్టు పిడి వెనకాలా, ముక్కు దగ్గర మూతి మీదా ఉందా? ఈ రైఫిళ్ళలో బోల్టుని ఏ తుపాకీకి ఆ తుపాకీకే సానబట్టి అమరుస్తారు. వేరేదాని బోల్టు పెడితే పట్టొచ్చు, పేలనూ వచ్చు, కానీ ఒక్కోసారి పేలకూడని వైపుకి పేలుతుంది. తర్వాత 'డి.పి.' అన్న అక్షరాలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడాలి. ఉంటే అది డ్రిల్లుకి మాత్రమే, కాల్చడానికి పనికిరాదు. బారెల్ లోపల నున్నగా ఉంటే అదొక కథ. ఇండియాలో పోలీసులకీ జైలు కాపలావాళ్ళకీ ఇవ్వడానికి ఇలాంటి రైఫిళ్ళనే గాళ్ళు తీసేసి, ఒక్కో తూటా పెట్టి కాల్చే మస్కెట్లుగా మార్చారు. పొరపాటున శత్రువు చేతిలో పడినా పెద్ద ఉపయోగం ఉండకూడదని. శత్రువంటే ఎవరో కాదు, మనమే.

కర్ర చీలికలు చూశాను. ఇషాపూర్ వాళ్ళు ముందు కర్ర చీలిపోకుండా అడ్డంగా ఒక మర దూర్చేవారు. అది బిగువుగానే ఉంది. బోల్టు తలకీ తూటా అంచుకీ మధ్య ఎంత సందు ఉందో చూసే గేజి ముసలాయన సొరుగులోనే ఉంది. నా ఉద్యోగమంతా ఇలాంటి గేజిలతోనే గడిచింది. ఫీల్డ్ గేజి పెడితే బోల్టు మూసుకోకూడదు. మూసుకుంటే అరిగిపోయిందని లెక్క. మూసుకోలేదు. బట్టు వెనక ఇత్తడి మూత తీశాను. లోపల గుంటలో చిన్న ఇత్తడి నూనె బుడ్డి అలాగే ఉంది, పుల్‌త్రూ తాడు మాత్రం లేదు.

ఆ బుడ్డి చూడగానే నాకు నోట మాట రాలేదు. ఎందుకో చెప్పాలంటే 1973కి వెళ్ళాలి.

జై ఆంధ్ర ఉద్యమం రోజులు. నాకు పదహారేళ్ళు. ఊరి పేరు చెప్పను, కోస్తాలో ఒక ఊరు. ఒక మధ్యాహ్నం మా నాన్నని లారీలో బందోబస్తుకి తీసుకెళ్ళారు. తలా పది తూటాలు ఇచ్చారు. సాయంత్రం ఆయన ఏడు తూటాలూ మూడు ఖాళీ డొల్లలూ లెక్క అప్పజెప్పి రిజిస్టర్లో సంతకం పెట్టాడు. పోలీసు లెక్కలు చాలా గట్టివి. ఒక్క డొల్ల తగ్గినా చీకట్లో లాంతర్లు పట్టుకుని వెతికిస్తారు. ఆ రోజు డొల్లలన్నీ దొరికాయి. కాల్చినవాళ్ళు పదిమంది. పడిపోయినవాళ్ళలో ఎవరికి ఎవరి తూటా తగిలిందో ఏ రిజిస్టర్లోనూ లేదు. చరిత్రలో కూడా ఇంతే. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్చినవి 1650 తూటాలని లెక్క తేలింది. అవీ త్రీ నాట్ త్రీలే. చచ్చిపోయినవాళ్ళు 379 అని సర్కారు అంది, వెయ్యికి దగ్గరని కాంగ్రెసు అంది. వందేళ్ళు దాటినా ఆ లెక్క తేలలేదు. తూటాలకి రిజిస్టరు ఉంటుంది, మనుషులకి ఉండదు.

తర్వాత మూడు రోజులు మా నాన్న ఇంటికి భోజనానికి రాలేదు. నేనే క్యారియరు తీసుకెళ్ళాను. ఆయుధాలు దాచే గది బయట మెట్ల మీద కూచుని బారెల్‌లో మరిగే నీళ్ళు పోస్తున్నాడు. గరాటు పెట్టి, సన్నటి ధారగా. నీళ్ళు అవతల బకెట్లో నల్లగా పడుతున్నాయి. ఆ రోజుల్లో త్రీ నాట్ త్రీ తూటాలోని మందు పేలినప్పుడు బారెల్ లోపల ఒక రకం ఉప్పు మిగిలిపోయేది. మన వంటింటి ఉప్పుకి దాయాది. అది గాలిలో తేమని లాక్కుని ఉక్కుని తినేస్తుంది. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో అయితే రాత్రికి రాత్రే. నూనెకి ఆ ఉప్పు కరగదు. పైన నూనె రాసి తళతళలాడిస్తే లోపల తుప్పు దాని మానాన అది పడుతుంటుంది. నీళ్ళకే కరుగుతుంది. అందుకని కాల్చిన రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ కడగాలని ఆనాటి నియమం. నియమం ప్రకారం రోజుకొకసారి చాలు. ఆయన పొద్దుణ్ణించి సాయంత్రం దాకా కడుగుతూనే ఉన్నాడు.

నాలుగో రోజు వెళ్ళి తనని ఆయుధాల గదిలో సహాయకుడిగా వేయమని అడిగాడట. వేశారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. మళ్ళీ బందోబస్తుకి తుపాకీ పట్టుకుని వెళ్ళలేదు. రోజూ వందలాది బారెల్స్‌లోకి కన్ను పెట్టి చూడటమే పని. దసరాకి వాటన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు కోసి ఆయుధపూజ చేసేవాడు. ఒకప్పుడు పాండవులు జమ్మిచెట్టు మీద దాచుకున్న ఆయుధాల కథ నాకు చెప్పింది ఆయనే. ఏడాదంతా వాటిని ఎవరూ ముట్టుకోకపోవడమే ఆ కథలో ఆయనకి నచ్చిన భాగం అనుకుంటాను.

పందొమ్మిదేళ్ళ వయసులో, కాలేజీలో నాలుగు పుస్తకాలు చదివి, ఆయన్ని ఒక మాటన్నాను. "నువ్వు కాల్చవు. కాల్చేవాళ్ళ చేతికి శుభ్రం చేసి ఇస్తావు. తేడా ఏముంది?" అని.

ఆయన కోప్పడలేదు. "మరి మురికిది ఇమ్మంటావా? పేలి ఆ పిల్లోడి మొహానే తగులుద్ది" అన్నాడు.

నాకు అప్పుడు అది జవాబులా అనిపించలేదు. తప్పించుకున్నాడనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన తప్పించుకోలేదు. కాల్చమని హుకుం ఇచ్చేవాళ్ళు వేరే ఉన్నారు. కాల్చేది ఊళ్ళనించి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు. ఆ ఇద్దరి మధ్యా ఒక గొట్టం ఉంది. ఆ గొట్టం గురించి అబద్ధం ఆడకుండా ఉండటమే తన వంతని ఆయన అనుకున్నాడు. అది చాలునా? చాలదనే నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ మురికిది ఇవ్వడం మాత్రం ఎలా జవాబవుతుందో నాకు తెలియదు.

షెడ్డులో బోల్టు బయటికి లాగి, బొటనవేలి గోరు వెనకవైపు పెట్టి, మూతివైపునుంచి కన్ను పెట్టాను. అది మా నాన్న నేర్పిన పద్ధతి. గోరు మీద పడిన వెలుతురు బారెల్ నిండా పాకుతుంది. ఐదు గాళ్ళు ఎడమచేతి వైపుకి మెలితిరిగి, అద్దంలా ఉన్నాయి. ఒక్క తుప్పు గుంట లేదు. దీన్ని ఎవరో ఉప్పు పోయేలా కడిగారు, లేదా ఎవరూ పెద్దగా కాల్చలేదు.

సర్‌ప్లస్ తుపాకుల బజారులో ఒక విడ్డూరం ఉంది. కారులో మైళ్ళు తక్కువుంటే విలువ ఎక్కువ అన్నది మనకి తెలుసు. కానీ కారు ఎక్కువ తిరిగిందంటే ఎవరినో ఎక్కడికో చేర్చిందని అర్థం. రైఫిల్ బారెల్ అరిగిందంటే అర్థమేమిటి? ఆ అరుగుదలనే మనం లోపం అంటాం. దేని కోసం దాన్ని చేశారో ఆ పని ఎంత తక్కువ చేస్తే అంత మంచి తుపాకీ. కొనేవాడు బారెల్లోకి చూసి "బాగుంది" అన్నప్పుడు, తెలియకుండానే ఒక తీర్పు చెబుతున్నాడు. ఆ తీర్పులో నాకు కాస్త ఊరట ఉంది గానీ, పూర్తిగా నమ్మను. కడిగినదానికీ కాల్చనిదానికీ తేడా నా గోరు వెలుతురులో కనపడదు. మా నాన్న మూడు రోజులు కడిగిన రైఫిల్ కూడా ఇలాగే అద్దంలా ఉండి ఉంటుంది.

కన్ను అక్కడే పెట్టి ఉండగా, ఆ గొట్టం అవతలి కొసన మా మేనల్లుడు నిలబడి ఉన్నాడు. "ఎలా ఉంది మావయ్యా?" అంటున్నాడు. కారులో చెవిన పడినవన్నీ అప్పుడు వినపడ్డాయి. ఉద్యోగం లేదు. ఇంట్లో ఒక్కడే. నిద్ర లేదు. మనిషి బాగా చిక్కాడు. చొక్కా వాడిది కానట్టు వేలాడుతోంది. గంటంపావు పక్కన కూచుని నేను అది చూడలేదు. ఇనుములో తలవెంట్రుకంత తేడా పట్టుకోగలవాణ్ణి.

2007 డిసెంబరులో బేటన్ రూజ్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థులు హత్యకి గురైనప్పుడూ, 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతలో శ్రీనివాస్ కూచిభొట్లని కాల్చి చంపినప్పుడూ మన ఇళ్ళలో ఎన్ని రాత్రులు మాట్లాడుకున్నామో గుర్తుంది. మనమూ ఒకటి కొనుక్కోవాలా అని కూడా అనుకున్నాం. మన భయమంతా తుపాకీ పట్టుకుని ఎదురుగా నిలబడే పరాయివాడి గురించి. కానీ ఈ దేశంలో తుపాకుల వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా తమని తామే కాల్చుకున్నవాళ్ళవి. ఇతర మార్గాల్లో ప్రయత్నించినవాళ్ళలో చాలామంది బతికి, తర్వాత బతికే ఉంటారు. తుపాకీ దగ్గర ఆ రెండో అవకాశం దాదాపు ఉండదు. ఈ మాట మన సంఘాల సభల్లో ఎవరూ ఎత్తరు. మనవాళ్ళకి అలాంటివి రావనుకుంటాం.

అప్పుడు నాకు తోచిన మొదటి ఆలోచన అబద్ధమాడదామని. చాలా తేలిక. "హెడ్‌స్పేస్ పోయిందిరా, పేలితే మొహాన్నే తగులుతుంది, వద్దు" అంటే చాలు. వాడు నా మాట జవదాటడు. భాగవతంలో శుక్రాచార్యుడు బలికి ఎక్కడెక్కడ బొంకవచ్చో పట్టీ చదివి వినిపిస్తాడు. ప్రాణాపాయం అందులో ఉంది. ఆ పట్టీ తెలియని తెలుగువాడు లేడు, అవసరానికి తగ్గట్టు పొడిగించుకోని తెలుగువాడూ లేడు. ఇది ప్రాణాపాయమే గనక నాకు అనుమతి ఉన్నట్టే.

ఆ అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. సత్యం మీద భక్తితో ఆగిందని చెబితే అదే ఒక అబద్ధం. వాడి ఫోనులో ఇంకో పది ప్రకటనలు ఉన్నాయి. ఇది పాడైందంటే, "పోన్లే మావయ్యా, వేరేది చూద్దాం" అంటాడు. తుపాకీలో లోపం ఉందని చెబితే, మంచిది వెతుక్కోమని చెప్పినట్టే. నా భయం తుపాకీ గురించి కానప్పుడు తుపాకీ మీద నెపం పెట్టి లాభమేమిటి? పైగా ఆ ముసలాయన ముఖం చూస్తూ మంచి సరుకుని చెడ్డదనడం నా వల్ల కాలేదు. అదొక ఇన్‌స్పెక్టరు జబ్బు. ధర్మరాజు ఏనుగు పేరు చెప్పి నెగ్గాడు గానీ, ఆ నెగ్గడం ఆయనకి ఏం బాగుంది?

"తుపాకీ చాలా బాగుంది. ధర కూడా సరైనదే" అన్నాను. "నీకు నిద్ర పడుతోందా?"

తెలుగులోనే అడిగాను. ముసలాయనకి అర్థం కాకపోయినా, ఏదో అర్థమైనట్టు పక్కకి వెళ్ళి వేరే బల్ల సర్దుకోసాగాడు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నువ్వనుకునేది కాదు మావయ్యా" అన్నాడు. కాసేపాగి, "కాదనే అనుకుంటున్నా" అన్నాడు.

ఇక్కడ కథలో అయితే వాడు తుపాకీ వదిలేసి నాతో వచ్చేయాలి. అలా జరగలేదు. కొంటానన్నాడు. తాతయ్యది అన్నాడు. నేను వద్దన్నాను. వాడికి ముప్పై ఎనిమిదేళ్ళు, నేను మేనమామని. వద్దనడం వరకే నా హక్కు. డీలరు ఫారం ఇచ్చాడు. 4473 నంబరు ఫారం. నువ్వే అసలు కొనుగోలుదారువా, నీ మీద కేసులున్నాయా, మత్తుమందులు వాడతావా, మతిస్థిమితం లేదని ఏ కోర్టయినా తేల్చిందా అని వరసగా ప్రశ్నలు. పౌరుడు కానివాళ్ళకి ఏలియన్ నంబరు. వాడు అన్నిటికీ నిజమే రాశాడు. అన్నిటికీ సరైన జవాబులే. ఫోనులో చెకింగ్ నిమిషాల్లో అయిపోయింది. తుపాకీకి నేను పెట్టిన పరీక్షకీ, మనిషికి ఆ ఫారం పెట్టిన పరీక్షకీ పోలిక తెలిసింది నాకు. రెండూ పాత గుర్తులనే వెతుకుతాయి. రేపటి గురించి అడిగే గేజి రెండింట్లోనూ లేదు. అది పక్కనున్న మనిషే అడగాలి. అడగడానికి నాకు గంటంపావు దొరికింది, వాడుకోలేదు.

డబ్బు కట్టి, రైఫిల్‌ని గుడ్డలో చుట్టి కారు వెనక పెట్టాం. అప్పుడు చెయ్యి చాపాను. "బోల్టు నా దగ్గరుంటుంది" అన్నాను. ఈ రైఫిల్లో బోల్టు లాగడం అరనిమిషం పని. అది లేకపోతే మిగిలింది ఇనుప గొట్టమూ కర్రా.

వాడు ఎందుకని అడుగుతాడనుకున్నాను. నవ్వుతాడనీ, విసుక్కుంటాడనీ అనుకున్నాను. ఒక్క మాట అనకుండా వెళ్ళి, బోల్టు తీసుకొచ్చి నా అరచేతిలో పెట్టాడు. ఆ రోజు మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

ఇంటికి తిన్నగా మా ఇంటికే తీసుకొచ్చాను. ఆరు వారాలు మాతోనే ఉన్నాడు. మా ఆవిడ ఏమీ అడగలేదు, రెండు పూటలా అన్నం పెట్టింది. మూడో వారంలో డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఒప్పుకున్నాడు. ఆగస్టులో పెళ్ళామూ పిల్లా వచ్చారు. ఆ చలికాలంలో ఉద్యోగం దొరికింది, ముందటంత జీతం కాదు. ఇప్పుడు చొక్కాలు వాడివిలాగే ఉన్నాయి.

బోల్టు నా సొరుగులో ఉంది. ఏడాదిన్నర అయింది. దాని వెనక చెక్కిన నంబరూ, వాడి ఇంట్లో బీరువాలో ఉన్న రైఫిల్ నంబరూ ఒకటే. ఆ జత ఒకటిగా ఉండటంలోనే దాని విలువంతా ఉందని వాడికి చెప్పింది నేనే. విడదీసింది కూడా నేనే. అది వాడి సొత్తు. డాక్టరు మందులు ఆపేశాడు, వాడు బాగున్నాడు, పిల్లని ఈతకి తీసుకెళుతున్నాడు. ఏ గేజితో చూసినా ఇవ్వకుండా ఉంచుకోవడానికి నాకు కారణం కనపడదు. వాడు మంచివాడు గనక అడగలేదు. అడగకపోవడంతో నాకు ఇవ్వాల్సిన రోజు ఏదో తేల్చుకునే పని తప్పింది, తప్పిందని సంతోషించాను కూడా. ఒక మనిషిని ఎన్నాళ్ళు అనుమానించడం ప్రేమ అనిపించుకుంటుంది? ఏ రోజు నుంచి అది అవమానం అవుతుంది? మా ఆవిడని అడిగితే, "నీకే నిద్ర పట్టడం లేదు, నువ్వు వెళ్ళు డాక్టరు దగ్గరికి" అంది.

మొన్న ఆదివారం వాడే ఫోను చేశాడు. "మావయ్యా, ఈ దసరాకి మా ఇంట్లో ఆయుధపూజ చేద్దామనుకుంటున్నాం. పాపకి జమ్మిచెట్టు కథ నువ్వే చెప్పాలి. వచ్చేటప్పుడు అది కూడా తీసుకురా" అన్నాడు. 'అది' అన్నాడంతే.

"సరే" అన్నాను.

రాత్రి సొరుగులోంచి తీసి చూశాను. పొడిగానే ఉంది. గుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, మళ్ళీ చుట్టి పెట్టాను. పండక్కి ఇంకా పదకొండు రోజులుంది.